ఆరని హారతి, మరిగే లారీ

మా మామగారి లెక్కలో ఇంజను అంటే నిప్పు కంటికి కనపడాలి, నీళ్ళు మరగాలి, కూత పెడితే ఊళ్ళో పసిపిల్లలు ఉలిక్కిపడాలి. ఇవి లేనిది ఏదైనా ఆయన దృష్టిలో పిండిమరే. అలాంటి మనిషికి కొడుకై పుట్టి మా ఆయన డీజిల్ లారీ కొన్నారు.

రాయపూర్ స్టేషనుకి అవతల, గుఢియారీలో, పట్టాల పక్క సందులో మా పెంకుటిల్లు. మామగారి తండ్రి బొబ్బిలి వైపు నుంచి పట్టాలు పరిచే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మామగారు బొగ్గు ఇంజను డ్రైవరుగా బతుకంతా గడిపి, నేను కాపురానికి రావడానికి కొంచెం ముందు రిటైరయ్యారు. రిటైరయ్యారన్న మాటే గాని రైలు ఆయన్ని వదల్లేదు. భోజనం దగ్గర కూర్చున్నప్పుడు ఏ గూడ్సు పోయినా, ముద్ద చేతిలోనే ఆపి, చెవి అటు పెట్టి, "ఎడమ పక్క ఆవిరి కారతంది. ఎవుడో తిన్నగా సూసుకోనేదు" అని తీర్పు చెప్పి, అప్పుడు ఆ ముద్ద నోట్లో పెట్టుకునేవారు. పిఠాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన నేను మొదట్లో హడిలిపోయేదాన్ని. తరవాత తరవాత ఏ పక్క కారుతోందో నాకూ తెలిసిపోయేది.

ఆ లారీని నాగపూర్‌లో ఒక సేఠ్ వాడుకుని వాడుకుని వదిలించుకున్నాడు. పొడుగాటి ముక్కు, ఆ ముక్కు మీద నిలువు కమ్మీలు, కమ్మీల వెనక ఇంజను నీళ్ళు చల్లార్చే రేడియేటరు, దాని వెనక ఫ్యాను. మా ఆయన దానికి చిలకపచ్చ రంగు వేయించి ఇంటి ముందు నిలబెట్టిన రోజున ఆయన మొహం చూడాలి. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంత వెలుగు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది గాని, నిజం చెప్పాలంటే ఆ మొహాన్ని అలా చూస్తూ ఉండడం నాకు ఇష్టంగానే ఉండేది.

లారీ మీద నాకు ప్రేమ పుట్టడానికి ఇంకో కారణం ఉంది. కాపురానికొచ్చిన మర్నాడే మా అత్తగారు నన్ను బావి దగ్గరికి తీసుకెళ్ళి, మామగారి పాత డ్యూటీ చొక్కాలు చూపించి, బొగ్గు మసి వదలాలంటే సోడా ఎంత వెయ్యాలో, బండ మీద ఎలా బాదాలో పాఠం చెప్పారు. "రేపు నీ మొగుడు ఇంజన్ల షెడ్డులో సేరితే నీకూ ఇదే పని. ఇప్పుట్నించే సెయ్యి తిప్పుకో" అన్నారు. ఆ చొక్కాలు ఎన్నేళ్ళు ఉతికినా చేటలో మినప్పొట్టు రంగులోనే ఉన్నాయి. నేను ఆ క్షణంలోనే డీజిల్ పక్షం చేరిపోయాను.

మామగారు మాత్రం మొదట్నుంచీ ఒకటే మాట. "మన ఇంట్లో అందరం పట్టాల మీద బతికినోళ్ళం. ఈడికి రోడ్డేటి? ధమ్తరీకి సిన్న రైలుంది కదా, లారీ ఎందుకు?" అని. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు మా ఆయన ఆ చిన్న రైలు పక్కనే రోడ్డు మీద, దాన్ని దాటుకుంటూ, ధమ్తరీకి బస్తాలు వేసుకుపోయేవారు. ఎండాకాలమంతా తిప్పారు. రాయపూర్ ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక్కసారీ ఇంజను వేడెక్కలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మేమెవరం పెట్టుకోలేదు.

ఇంక హారతి సంగతి. రోజూ పొద్దున్న లారీ బయల్దేరే ముందు దాని ముక్కుకి హారతి ఇవ్వాలని అత్తగారి ఆజ్ఞ. ఆ ముసలి ఇంజను పొద్దున్న పూట ఒక పట్టాన లేచేది కాదు. నలుగురు తోసి దాన్ని లేపాక, మళ్ళీ ఆపే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అంచేత అది దడదడలాడుతుండగానే నేను పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడేదాన్ని. కర్పూరం వెలిగించడం ఆలస్యం, మంట నా వైపు నుంచి కమ్మీల వైపుకి సాగిపోయి, లోపలికి ఎవరో పీల్చేసినట్టు పుసుక్కున ఆరిపోయేది. రెండు బిళ్ళలు పెట్టినా అంతే, గుప్పెడు పెట్టినా అంతే.

"ఓలమ్మో, మళ్ళీ ఆరిపోనాదేటి! ఏదీ, నీ సెయ్యి సూపించు" అనేవారు అత్తగారు. నా అరచేతిని అటు తిప్పి ఇటు తిప్పి, గీతలు చూసి, నిట్టూర్చేవారు. వారం తిరక్కుండా బావి దగ్గర ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది, ఆ ఇంటి కోడలి చెయ్యి మంచిది కాదని. నేను అత్తగారి మీద కోపం కర్పూరం మీద చూపించి, డబ్బా ఠపీమని మూసేదాన్ని.

ఇలా ఉండగా దసరా వచ్చింది.

మామగారికి షెడ్డు వాళ్ళు ఇచ్చిన ఒక పలక ఉంది. గుండ్రటి టేకు పలక, బండి చక్రమంత. మధ్యలో అద్దం కింద అమ్మవారి పటం, చుట్టూ పసుపు రంగు వేసిన రేకు కిరణాలు. ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ప్రతి దసరాకీ ఆ పలకని ఆయన ఇంజను నుదుటికి, అంటే ముందుండే గుండ్రటి పొగపెట్టె తలుపుకి, బిగించి, దండలు వేసి పూజ చేసేవారట. రిటైరైన రోజున దాన్ని ఆయన చేతుల్లో పెట్టి సాగనంపారు. అప్పట్నుంచి అది గోనెపట్టాలో చుట్టుకుని అటక మీద ఉంది.

ఆ దసరా పొద్దున్న అత్తగారు కొంగు నడుముకి దోపి, "అమ్మోరు అటక మీదా, నేను గారెల దగ్గరా? ఇది పండగేటి?" అని మొదలుపెట్టారు.   మామగారు అరుగు మీంచి లేచి, నిచ్చెన వేసుకుని, పలకని దింపి, తన కండువాతో అద్దం తుడిచారు. పనిముట్ల పెట్టె పుచ్చుకుని తిన్నగా లారీ దగ్గరికి నడిచారు.

మేం ముగ్గురం గుమ్మంలో కొయ్యబారిపోయి చూస్తున్నాం. ఆ లారీని అప్పటిదాకా ఆయన చేత్తో ముట్టుకోలేదు. పలకని ముక్కు మీద ఆనించి చూశారు. కొలిచి చేయించినట్టు, కమ్మీలన్నిటినీ కప్పేసి సరిగ్గా అతికిపోయింది. కొక్కెం బోల్టులు కమ్మీలకి తగిలించి, రైలు డబ్బా ఊడకుండా బిగించే బలంతో నట్లు బిగించారు. వెనక్కి నాలుగడుగులు వేసి, తల ఓ పక్కకి వంచి చూసి, "ఊఁ. ఇప్పుడు ఇంజన్నాగ ఉంది" అన్నారు.

మా ఆయన వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, టైరు చూసే మిషతో లారీ వెనక్కి వెళ్ళి ఏడ్చుకున్నారు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. నాన్న నోటంట ఒప్పుకోలు మాట రాదని తెలిసిన కొడుకు ఆయన, ఆ పలకే ఒప్పుకోలు అని మా అందరికీ అర్థమైంది.

ఆ రోజు నేను బితుకు బితుకుమంటూ హారతి వెలిగించాను. ఇంజను దడదడలాడుతోంది. మంట కదల్లేదు! అమ్మవారి ఎదురుగా, గాలి చొరని గర్భగుడిలో దీపంలా, నిటారుగా నిలబడింది. అత్తగారు రెండు చేతులూ ఎత్తి మొక్కారు. "సూసేవా! అమ్మ వచ్చీసింది, దీపం నిలబడిపోనాది!"

మర్నాటి నుంచి బావి దగ్గర ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఈ మహిమ చూసి పోయేవారు. ఫ్యాను అంత జోరుగా తిరుగుతుంటే మంట వణకదేమిటని ముక్కున వేలేసుకునేవారు. నా చెయ్యి రాత్రికి రాత్రి మంచిదైపోయింది. గర్భిణీలు నా చేత పసుపు రాయించుకున్నారు కూడా. నేనేమీ కాదనలేదు, ఎందుకంటాను?

లారీ మాత్రం ఆ వారమే మరిగింది. బస్తాల లోడుతో ధమ్తరీకి సగం దారి వెళ్ళేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటిపోయిందట. రేడియేటరు మూత దగ్గర ఆవిరి బుస్సుమంది. ఇంజను లాగడం మానేసి నల్లటి పొగ కక్కింది. మా ఆయన చెరువు గట్టున ఆపి, చల్లార్చి, నీళ్ళు పోసి, మళ్ళీ నడిపి, మళ్ళీ ఆపి, చీకటి పడ్డాక ఇల్లు చేరారు. ఆ తరవాత లోడు వేసిన ప్రతిసారీ ఇదే కథ.

మామగారు అరుగు మీద నుంచి నవ్వారు. "నా ఇంజన్లో నీళ్ళు మరక్కపోతే నాకు మెమో ఇచ్చీవోరు. ఈడి ఇంజన్లో నీళ్ళు మరిగితే ఈడు ఏడుస్తన్నాడు. ఇదెక్కడి ఇంజన్రా నాయినా!"

పక్క సందులో లారీలు బాగుచేసే మిస్త్రీ ఒకడు ఉండేవాడు. ఛత్తీస్‌గఢీ మనిషి, చెవి మీద బీడీ, భుజం మీద నూనెగుడ్డ. లారీ దగ్గరికి రాగానే చెప్పులు విడిచి, పలకకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని, అప్పుడు పక్కనుంచి బానెట్ ఎత్తేవాడు. ముందు ఫ్యాను బెల్టు వదులైందన్నాడు, బిగించాడు. మరిగింది. నీళ్ళ పంపు చూశాడు, బాగానే తిరుగుతోంది. ఇంజను తల కింద గ్యాస్కెట్ అనే రేకు పోయి ఉంటే రేడియేటరు నీళ్ళలో బుడగలు వస్తాయని మూత తీసి చాలాసేపు తొంగి చూశాడు. ఒక్క బుడగా రాలేదు.

అప్పుడు థర్మోస్టాట్ మీద అనుమానపడ్డాడు. అది నీళ్ళ దారిలో ఉండే చిన్న తలుపు, నీళ్ళు వేడెక్కితే తెరుచుకోవాలి. దాన్ని ఊడదీసి, పరీక్ష చెయ్యడానికి మరిగే నీళ్ళు కావాలని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నేను చేతికందిన గిన్నె ఇచ్చాను. దాన్ని పొయ్యి మీద పెట్టి, నీళ్ళలో ఆ ఇత్తడి తలుపుని వేసి ఉడకబెడుతుంటే అత్తగారు పూజ ముగించుకుని వచ్చారు. అది ఆవిడ నైవేద్యం పరమాన్నం వండే గిన్నె. ఆ తలుపు నీళ్ళలో చక్కగా తెరుచుకుంది, దానిలో ఏ లోపమూ లేదు. అత్తగారి నోరు కూడా తెరుచుకుంది, అది మాత్రం ఆ సాయంత్రం దాకా మూసుకోలేదు.

ఇంక మిగిలింది రేడియేటరు. లోపల సున్నం పేరుకుని ఉంటుంది, విప్పి బయటికి తీసి కడగాలన్నాడు మిస్త్రీ. విప్పాలంటే ముందు పలక తియ్యాలి. అక్కడ మనవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "మోర్ లఇకా-బాలా హే భయ్యా, మాతా ల నఇ హటావంవ్" అన్నాడు. పిల్లలు గలవాణ్ణి, అమ్మవారిని కదపనన్నాడు. పెట్టిన చేతులే తియ్యాలి, మీ నాన్నగారిని అడగండి అన్నాడు.

మా ఆయన అడగలేదు. "పోనీ నేను అడగనా?" అన్నాను.

"వద్దు. తీస్తే నాన్న మళ్ళీ పెడతాడో పెట్టడో" అన్నారు మా ఆయన. ఇంక ఆ మాట ఎత్తనివ్వలేదు.

రేడియేటరు విప్పకుండానే, పైనుంచి వేణ్ణీళ్ళూ సోడా పోసి కిందనుంచి వదిలారు. నీళ్ళు కడగడమంటే మామగారు అరుగు మీద ఆగలేకపోయారు. బాయిలరు కడిగించిన చెయ్యి కదా! "అలగ కాదురా, కింద గొట్టం నించి పైకి తోలు. ఎదురు కొడితేనే మురుగు కదుల్తాది" అంటూ దగ్గరుండి చేయించారు. బస్తాలు లేకుండా బీర్‌గావ్ దాకా ఉత్త లారీ తోలి చూశారు. ముల్లు పడుకున్న చోటి నుంచి లేవలేదు. అత్తగారు శాంతించి పరమాన్నం వండారు, వేరే గిన్నెలో. మర్నాడు బస్తాలు వేసుకుని వెళితే ఎప్పటి చోటే బుస్సుమంది.

ఎండాకాలంలో మరగనిది చలి మొదలయ్యాక మరగడమేమిటని ఎవరికీ అంతుపట్టలేదు. దిష్టి తగిలిందని అత్తగారు నిశ్చయించి, పలక చుట్టూ మిరపకాయలూ నిమ్మకాయలూ కట్టించి, శుక్రవారం శుక్రవారం చేతిమందాన బంతిపూల దండ వేయించడం మొదలుపెట్టారు. మరగడం ఇంకొంచెం పెరిగింది.

అప్పుడు మామగారు మా ఆయన్ని ఎదురుగా నిలబెట్టి అసలు మాట అన్నారు. "షెడ్డులో ఫోర్‌మన్‌తో మాటాడీసేను. కార్తీక పున్నం ఎల్లేక సేరమన్నాడు. ఈలోపల ఉప్పు బస్తాలేసుకుని కేశకాల్ ఘాటు మరక్కుండా ఎక్కీ. ఎక్కేవా, నీ దారి నీది, ఇంక నేను నోరెత్తను. నేకపోతే బండి అమ్మీసి షెడ్డుకి నడు. నేనే వచ్చి పక్కన కూసుంటాను, కళ్ళారా సూస్తాను."

కేశకాల్ ఘాటు జగదల్‌పూర్ దారిలో, మెలికలు తిరిగి కొండెక్కే రోడ్డు. మంచి లారీలే అక్కడ ఊపిరి పీల్చుకుని ఎక్కుతాయి. మా ఆయన ఒప్పుకున్నారు, ఇంకేం చేస్తారు? నేను బావి దగ్గర ఆ పాత చొక్కాల వైపు చూశాను. అవీ నా వైపు చూస్తున్నట్టే ఉన్నాయి.

తండ్రీ కొడుకులు వెళ్ళాల్సిన ప్రయాణానికి నలుగురం తయారయ్యాం. అమ్మవారు కొండెక్కుతుంటే తాను ఇంట్లో కూర్చోనని అత్తగారు, అత్తగారికి హారతి పళ్ళెం అందించడానికి మంచి చెయ్యి గల కోడలిగా నేను. క్యాబిన్‌లో మా ఆయన స్టీరింగు దగ్గర, పక్కన మామగారు తన డ్యూటీ కోటు వేసుకుని, ఆ పక్కన మేమిద్దరం ఒకరి మీద ఒకరం. వెనక నిండా ఉప్పు బస్తాలు. దారి పొడుగునా ముల్లు లేస్తూనే ఉంది, మా ఆయన ఆపుతూనే ఉన్నారు, చెరువు కనపడితే చాలు నీళ్ళు మోస్తూనే ఉన్నారు. మామగారు ఆ ముల్లు వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపే మా ఆయనకి ఎక్కువ గుచ్చుకున్నట్టుంది.

ఘాటు మొదలై, మొదటి మలుపు తిరిగామో లేదో, బుస్సు. అద్దం మీదికి ఆవిరి కమ్మేసింది. మా ఆయన లారీని పక్కకి తీసి ఆపారు. చక్రాల కింద రాళ్ళు పెట్టి, మరిగిన ఇంజనుని ఒక్కసారిగా ఆపకూడదని మిస్త్రీ చెప్పినట్టు దాన్ని నెమ్మదిగా తిరగనిచ్చారు. తరవాత రోడ్డు పక్క బండ మీద కూర్చుని, రెండు చేతుల్లో తల పెట్టుకున్నారు.

"అయిపోనాది కదరా" అన్నారు మామగారు, మెల్లిగానే.

"అయిపోయింది నాన్నా. సోమవారం నుంచి షెడ్డుకి వస్తాను" అన్నారు మా ఆయన తల ఎత్తకుండా. నేను కొండ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. నా చొక్కాల గొడవ నాకు గుర్తే రాలేదు అప్పుడు. ఆయన మొహంలో ఆ వెలుగు ఇంక ఎప్పటికీ చూడనేమో అన్న ఒక్క బాధే.

అత్తగారు మాత్రం ఓటమి ఒప్పుకునే రకం కాదు. "అమ్మకి సెప్పుకోకుండా ఎక్కీసేరు, అందుకే ఆపీసింది. ఓలమ్మీ, హారతి ఎలిగించు" అన్నారు. నేను ముక్కు ఎగబీలుస్తూ పళ్ళెం తీసి వెలిగించాను. కొండ మీద ఆకు కదలడం లేదు. ఇంజను తిరుగుతోంది, పైన ఆవిరి లేస్తోంది, అమ్మవారి ఎదురుగా నా హారతి ఎప్పట్లాగే నిటారుగా నిలబడి ఉంది.

"సూసేరా, ఇంత ఇక్కట్లో కూడా దీపం కదల్నేదు" అన్నారు అత్తగారు గర్వంగా.

మామగారు చూశారు. రోజూ అరుగు మీద పేపరు వెనక ఉండే మనిషి, ఆ మహిమని దగ్గరనుంచి చూడడం అదే మొదటిసారి. ఆయన నొసలు ముడిపడింది. నా దగ్గరికి వచ్చి, "ఇలగియ్యి అమ్మా" అని పళ్ళెం తీసుకున్నారు. పలక మధ్యలో పట్టుకున్నారు, మంట నిటారు. మెల్లిగా పక్క అంచు దగ్గరికి జరిపారు. మంట ఒక్కసారి పడుకుని, పలకకీ కమ్మీలకీ మధ్య సందులోకి నాలిక చాపింది. మళ్ళీ మధ్యకి తెచ్చారు, నిటారు. కింద అంచుకి దింపారు, మంట లోపలికి వంగింది. అలా పలక చుట్టూ పళ్ళెం తిప్పారు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. జన్మలో హారతి పట్టని మొగుడికి కొండ మీద భక్తి పుట్టిందనుకుని అత్తగారు కళ్ళు మూసుకుని చెంపలేసుకుంటున్నారు.

ఆయన పళ్ళెం నా చేతికి ఇచ్చేసి అక్కడే నిలబడిపోయారు. కొడుకు వైపు చూశారు, పలక వైపు చూశారు, మళ్ళీ కొడుకు వైపు చూశారు. మా ఆయన తల ఎత్తలేదు. ఆ కాసేపట్లో ఆయన మనసులో ఏం నడిచిందో నాకు తరవాత అర్థమైంది. ఆ రోగం కనిపెట్టింది లోకంలో ఆయన ఒక్కరే. నోరు మూసుకుని మళ్ళీ క్యాబిన్ ఎక్కి కూర్చుంటే చాలు, కొడుకు షెడ్డులో చేరిపోతాడు, ఇంట్లో మళ్ళీ బొగ్గు చొక్కా ఆరుతుంది, మూడు తరాల ముచ్చట తీరుతుంది. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేరు.

"ఒరే," అన్నారు మామగారు. "పానా ఇలగట్రా."

మా ఆయన లేచి పానా తెచ్చారు.

"దీనికి డ్రాఫ్టు నేదురా. ఊపిరాడ్డం నేదు. మన ఇంజనుకి గాలి కింద నించి వస్తాది, పొగ ముందుకొచ్చి పైకి పోతాది, మొహం మీద ఏటి కట్టినా దానికి లెక్కనేదు. దీనికి ముక్కు మొహం మీదే ఉందిరా! నేనే మూసీసేను" అన్నారు. అని, నట్లు విప్పడం మొదలుపెట్టారు.

చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది మా పని. దసరాకి ముందు హారతి ఆరిపోయిందంటే ఇంజను గాలి బాగా పీలుస్తోందని అర్థం. నిటారుగా నిలబడిందంటే దాని ఊపిరి బిగిసిందని అర్థం. మేం మొదటిదాన్ని అపశకునమన్నాం, రెండోదానికి ఊరిని పిలిచి చూపించాం. మిస్త్రీ పరమాన్నం గిన్నెలో వెతికాడు, అత్తగారు నా అరచేతిలో వెతికారు.

"అమ్మోర్ని దించీస్తారా? నట్టనడి కొండ మీద?" అని అత్తగారు గుండె బాదుకున్నారు.

"నువ్వూరుకోయే. దించడం నేదు, లోపలికి పిలుస్తన్నాను" అన్నారు మామగారు. ఆయన బిగించిన నట్లు ఆయనకే కొరుకుడు పడలేదు, తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకే పానా పట్టుకుని తిప్పాల్సొచ్చింది. దండా, మిరపకాయలూ, నిమ్మకాయలూ, పలకా అన్నీ ఊడి వచ్చేసరికి లోపలి కమ్మీలు బయటపడ్డాయి. లారీ మొహం చాలా రోజుల తరవాత కనిపించినట్టు అనిపించింది నాకు.

పలకని క్యాబిన్‌లో అత్తగారి ఒళ్ళో పెట్టారు, అమ్మవారి మొహం ముందు అద్దం వైపు ఉండేలా. ఇంక నాకు చోటు లేదు. కొంగు బిగించుకుని ఉప్పు బస్తాల మీదికి ఎక్కాను. ఇంజను చల్లారాక నీళ్ళు నింపి బయల్దేరాం.

పైనుంచి నాకు ముల్లు కనపడదు. కానీ రైలు నడిపేవాళ్ళకి ఒక అలవాటుంది. సిగ్నలు కనపడగానే ఒకరు కేక పెడితే, రెండోవాడు అదే మాట తిరిగి కేక పెట్టాలి, ఇద్దరూ చూశారని రుజువుగా. మలుపు మలుపుకీ కింద క్యాబిన్‌లోంచి మామగారి గొంతు వినిపించింది.

"ముల్లు సగం!"

"సగం!" అని మా ఆయన.

ఇంకో మలుపు. "సగమే!"

"సగమే!"

లారీ మూలుగుతూ ఎక్కుతోంది, ఆవిరి లేదు, బుస్సు లేదు. పక్కన లోయ, పైన నేను, ఉప్పు మీద కూర్చుని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ముప్ఫై ఏళ్ళు పక్కన బొగ్గు వేసే ఫైర్‌మన్లతో అలా కేకలు మార్చుకున్న మనిషి, కొడుకుతో మార్చుకోవడం అదే మొదటిసారి. ఆఖరి మలుపులో "దాటీసేం!" అన్న కేక వినపడింది. తిరుగు కేకకి బదులు మా ఆయన హారను నొక్కి పట్టారు. 

పైన చదును మీద ఆపాక మామగారు దిగి, అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు రేడియేటరుకి ఆనించి చూశారు. స్టేషను స్టేషనుకీ దిగి చక్రాల ఇరుసుల వేడి చూసే డ్రైవరు అలవాటు. "ఊఁ" అన్నారు. తరవాత కోటు దులుపుకుంటూ, "ఫోర్‌మన్‌కి నేను సెప్పుకుంటాన్లే" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్న మళ్ళీ నలుగురు తోసి లారీని లేపారు. పలక ఇప్పుడు క్యాబిన్ లోపల, సీటు వెనక చెక్కకి బిగించి ఉంది. నేను పళ్ళెం పట్టుకుని ముక్కు ఎదుట నిలబడ్డాను. మహిమ చూడ్డానికి బావి దగ్గర ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చి ఉన్నారు. కర్పూరం వెలిగించాను. మంట కమ్మీల వైపుకి సాగింది, పుసుక్కున ఆరిపోయింది. అత్తగారు ఏదో అనబోయి, నా చెయ్యి వైపు చూసి, మామగారి వైపు చూశారు.

ఆయన అరుగు మీద పేపరు దించకుండా అడిగారు. "ఆరిందా?"

"ఆరిపోయింది మామగారూ."

"బాగా ఆరిందా?"

"బాగా ఆరిపోయిందండీ."

"అయితే బయల్దేరమను" అన్నారు మామగారు, పేజీ తిప్పుతూ.